బోరు నీటి ఎరుపు, కాలవ బురద నలుపు: సూక్ష్మజీవులు, లోహాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతుంటాను. క్లాసులో కంటే బయటే నాకు ఎక్కువ ప్రశ్నలు ఎదురవుతాయి. అపార్ట్‌మెంట్ వాళ్ళు బోరు నీళ్ళు సీసాలో పట్టుకొస్తారు. రైతులు వరి దుబ్బు వేళ్ళతో సహా పీకి తెస్తారు. విజయవాడ నుంచి ఫోన్ చేసి కాలవ వాసన గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. పైకి వేటికవే వేరుగా కనిపించినా వీటన్నిటి వెనకా ఉన్న సంగతి ఒకటే. మట్టిలో, నీళ్ళలో ఉన్న లోహం ఏ రూపంలో ఉండాలో చాలా మటుకు సూక్ష్మజీవులే తేలుస్తాయి. ఆ రూపాన్ని బట్టే అది మనకి మేలు చేస్తుందా, చెరుపు చేస్తుందా అన్నది ఉంటుంది.

సూక్ష్మజీవులకి లోహాలతో ఏం పని? అవి తినేది కుళ్ళిన పదార్థాన్నే కదా?

మనం తిన్న అన్నం నుంచి శక్తి పుట్టాలంటే, అందులోని ఎలక్ట్రాన్లు చివరికి ఎక్కడో ఒకచోటికి చేరాలి. మనకైతే అవి పీల్చిన ఆక్సిజన్‌కి చేరతాయి. ఆక్సిజన్ అందకపోతే మన కథ అక్కడితో సరి. బ్యాక్టీరియాకి ఈ రెండు కొసల్లోనూ వేరే దారులున్నాయి. కొన్ని అన్నం బదులు ఇనుము నుంచో గంధకం నుంచో ఎలక్ట్రాన్లు లాక్కుని బతుకుతాయి. ఇంకొన్ని కుళ్ళిన ఆకూ అలమూ తిని, ఆక్సిజన్ బదులు తుప్పుకో మాంగనీసుకో సల్ఫేటుకో ఎలక్ట్రాన్లు అప్పజెప్పి ఊపిరి తీసుకుంటాయి.

మొదటి రకాన్ని గుర్తించింది సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త. బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచే శక్తి తీసుకుంటుందని 1887లో చూపించాడు. ఆహారం అంటే మొక్కల నుంచో జంతువుల నుంచో రావాలనుకునే రోజుల్లో అది చాలా పెద్ద మాట. రెండో రకానికి బాగా పేరున్న ఉదాహరణ జియోబ్యాక్టర్. దాన్ని 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీ అనే శాస్త్రవేత్త కనుక్కున్నాడు. తుప్పు నీళ్ళలో కరగదు, కణం లోపలికి పోదు. అందుకని ఈ బ్యాక్టీరియా ప్రోటీన్లతో తీగలాంటివి చేసుకుని, వాటి గుండా ఎలక్ట్రాన్లని బయట ఉన్న తుప్పు రేణువు దాకా పంపిస్తుంది.

ఒక్క ఎలక్ట్రాన్ చేరినా, పోయినా లోహం గుణం మారిపోతుంది. ఒక రూపంలో ఇనుము నీళ్ళలో కరిగి కంటికి కనబడదు. ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుందంటే తుప్పై అడుక్కి దిగుతుంది. కింద చెప్పబోయేవాటిలో సగం ఈ ఒక్క ముక్కతో అర్థమవుతాయి.

సార్, మా బోరు నీళ్ళు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, గంటయ్యేసరికి ఎర్రబడుతున్నాయి. పైపు తుప్పా?

పైపు తుప్పయితే పొద్దున మోటారు వేసిన మొదటి నిమిషంలోనే ఎర్రనీళ్ళు వచ్చి, తర్వాత తేటపడతాయి. మీది అలా కాదు. భూమి లోపల ఆక్సిజన్ లేనిచోట ఇనుము కరిగిన రూపంలో ఉంది. పైకొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారుతోంది.

ఆ మార్పు గాలి వల్ల దానంతటదే జరుగుతుంది. అయితే ఇనుప బ్యాక్టీరియా ఉంటే ఇంకా వేగంగా జరుగుతుంది, పైగా జిగురు తయారవుతుంది. మీ ఫ్లష్ ట్యాంకు మూత తీసి లోపలి గోడని వేలితో రాసి చూడండి. పొడిపొడిగా రాలితే ఉత్త తుప్పు. నారింజ రంగులో జిగటగా, మీగడలా వేలికి అంటుకుంటే అది బ్యాక్టీరియా పని. దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే మెలితిప్పిన జడపాయల్లాంటి కాడలు కనిపిస్తాయి. అవి గ్యాలియొనెల్లా వదిలిన తుప్పు కాడలు. సన్నటి గొట్టాల్లాంటివి కనిపిస్తే లెప్టోథ్రిక్స్. ఇనుము నుంచి వచ్చే శక్తి చాలా తక్కువ కాబట్టి గ్యాలియొనెల్లా తన ఒళ్ళు కాస్త పెంచుకోవటానికే బోలెడంత ఇనుముని తుప్పు చేయాలి. అందుకే బ్యాక్టీరియా పిసరంత, జిగురు మాత్రం పైపు పూడుకుపోయేంత.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నాలుగు జామాకులు నలిపి గ్లాసు నీళ్ళలో వేయండి. ఇనుము బాగా ఉంటే నీళ్ళు ఊదా కలిసిన నలుపులోకి తిరుగుతాయి. టీ నల్లబడటానికి కారణం కూడా అదే. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టల మీద, సింకులో మరకలు పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

తాగితే ఇనుము వల్ల జబ్బు వస్తుందని భయపడక్కర్లేదు. కానీ ఆ జిగురు మాటున వేరే సూక్ష్మజీవులు దాక్కుంటాయి, బ్లీచింగ్ వాటిదాకా సరిగ్గా చేరదు. చేయాల్సిందల్లా నీళ్ళని సంపులోకి జల్లులా పడేట్టు పెట్టి గాలి తగలనివ్వటం, తుప్పు అడుక్కి దిగనివ్వటం, ఇసుక ఫిల్టరు గుండా పంపటం. బోరులో బ్లీచింగ్ వేయించినా కొన్నాళ్ళకి జిగురు మళ్ళీ పడుతుంది, అది ఒక్కసారితో తీరే పని కాదు. బ్లీచింగ్ వేసిన మొదటి రోజు నీళ్ళు మరీ ఎర్రగా వస్తాయి, టెన్షన్ పడకుండా ఆ నీళ్ళని వదిలేయండి.

కాలవ అంచున, పొలంలో నిలిచిన నీటి మీద రంగురంగుల తెట్టు కనిపిస్తుంది. ఎవరైనా డీజిల్ పోశారా?

పుల్లతో గీసి చూడండి. తెట్టు గాజు పెంకుల్లా పగిలి ముక్కలు ముక్కలుగా విడిపోతే అది ఇనుము పొర. బ్యాక్టీరియా, గాలి కలిసి చేసింది, హాని లేదు. పుల్ల తీయగానే మళ్ళీ కలిసిపోతే నూనె. అలాంటప్పుడు ఫిర్యాదు చేయండి.

ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు బురద పైన గోధుమ రంగులో, లోపల నల్లగా ఎందుకుంటుంది?

విజయవాడలో ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ నీళ్ళు తీసేసినప్పుడు గట్టు మీద నిలబడి చూడండి, చదువుకోకుండానే పాఠం మొత్తం అక్కడ కనిపిస్తుంది. బురదలో పుల్ల గుచ్చి పైకి లాగితే పైన ఏ కొన్ని మిల్లీమీటర్లో గోధుమ రంగు, దాని కిందంతా నలుపు.

పై పొరకి ఆక్సిజన్ అందుతుంది, ఇనుము తుప్పుగా ఉంటుంది. అందుకే గోధుమ రంగు. కొంచెం లోపలికి దిగితే ఆక్సిజన్ని సూక్ష్మజీవులు అప్పుడే వాడేసి ఉంటాయి. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి పట్టుకుంటాయి. ముందు నైట్రేటు, అది అయిపోతే మాంగనీసు, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు, చివరికి మీథేన్ చేసేవాటి వంతు. ఇంట్లో గ్యాసు అయిపోతే కిరోసిన్ స్టవ్, అదీ లేకపోతే పుల్లలపొయ్యి వెలిగించినట్టు, దిగేకొద్దీ గిట్టుబాటు తగ్గుతుంది కానీ వంట మాత్రం ఆగదు.

సల్ఫేటుతో ఊపిరి తీసుకునేవి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. అది కరిగిన ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్. బురద నలుపు అదే. ఒక ముద్ద తీసి గట్టు మీద పెట్టి వదిలేస్తే గాలి తగిలి పైపైన మళ్ళీ గోధుమ రంగుకి తిరుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచినప్పుడు, ఇళ్ళలో చేరిన బురద ఎందుకు నల్లబడి కంపు కొట్టిందని అడిగారు. నిలవనీళ్ళు, కుళ్ళే పదార్థం, గాలి ఆడకపోవటం ఈ మూడూ కలిస్తే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. బురద ఎత్తేసి గాలి, ఎండ తగలనిస్తే నలుపూ వాసనా తగ్గుతాయి. కానీ మురుగులో ఉండే రోగక్రిములు రంగు మారినంత మాత్రాన పోవు. బ్లీచింగుతో కడగటం తప్పదు.

ఇంకొకటి. వినాయక చవితికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు నీళ్ళలో కలిపితే ఆ జిప్సం ఏమవుతుంది? జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. అడుగున ఉన్న సల్ఫేటు బ్యాక్టీరియాకి అది మేత. నిలవ నీటిలో కంపు పెరగటానికి దారి చేసినట్టే. బొమ్మల రంగుల్లో సీసం, క్రోమియం ఉంటే అవీ ఆ బురదలోనే చేరతాయి. మట్టి బొమ్మ పెట్టండి. చెప్పీ చెప్పీ అలిసిపోయిన మాటే అయినా మళ్ళీ చెబుతున్నాను.

మురుగు గొట్టాల్లో సిమెంటు పిండిలా ఎందుకు రాలిపోతుంది?

గొట్టం అడుగున మురుగు పారేచోట సల్ఫైడ్ పుడుతుంది. అది గ్యాసై పైకి లేచి, తడిగా ఉన్న పైకప్పుకి చేరుతుంది. అక్కడ ఇంకో రకం బ్యాక్టీరియా కాచుకుని ఉంటుంది. అది సల్ఫైడ్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తుంది. ఆ ఆమ్లానికి సిమెంటు మెత్తటి జిప్సం ముద్దగా మారి రాలిపోతుంది. అందుకే గొట్టం నీళ్ళు తగిలేచోట కాకుండా పైన పాడవుతుంది. దీని వెనక బ్యాక్టీరియా ఉందని 1945లో ఆస్ట్రేలియాలో సి.డి. పార్కర్ అనే శాస్త్రవేత్త చూపించాడు.

దీనికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ గ్యాసు మనిషిని చంపుతుంది. మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. వాసన రావటం లేదంటే గ్యాసు లేదని అర్థం కాదు. సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి ఎవర్నీ దించకండి. రక్షణ సామగ్రి లేకుండా దించటం 2013 చట్టం ప్రకారం నేరం. ఒకాయన పడిపోతే కాపాడబోయి రెండో ఆయన దూకటం, ఇద్దరూ పోవటం మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. మిషను పిలిపించండి, డబ్బు ఎక్కువైనా సరే.

మా వరి వేళ్ళు కొన్ని ఎర్రగా, కొన్ని నల్లగా ఉన్నాయి. ఏది మంచిది?

ఎరుపు మంచిది. వరి మొక్క ఆకుల నుంచి గాలిని వేళ్ళకి దింపుకుంటుంది. వేరు చుట్టూ ఆ కాస్త ఆక్సిజన్ చేరి, మట్టిలో కరిగి ఉన్న ఇనుముని తుప్పు పూతగా వేరు మీదే పేరుస్తుంది. ఆ పూత దాటి కొన్ని విషపదార్థాలు లోపలికి పోలేవు. వేరు నల్లబడి, నలిపితే కోడిగుడ్డు కంపు కొడితే మాత్రం సల్ఫైడ్ ఎక్కువై వేరు ఓడిపోతోందని అర్థం. పచ్చిరొట్ట ఎక్కువగా తొక్కించి వెంటనే నాటినా, మురుగు పోయే దారి లేకపోయినా ఇలా అవుతుంది. నీళ్ళు తీసి సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరబెడితే కొత్త వేళ్ళు తెల్లగా వస్తాయి.

దమ్ము చేసి నీళ్ళు పెట్టగానే జరిగే మంచీ ఉంది. తుప్పుకి అంటుకుని ఉన్న భాస్వరం, ఆ తుప్పుని బ్యాక్టీరియా కరిగించటంతో వదులై మొక్కకి అందుతుంది. మాగాణిలో వరికి భాస్వరం లోటు అంతగా కనిపించకపోవటానికి ఇదొక కారణం. వరి కోశాక అదే చేలో మినుము వేస్తే నేల ఆరి, ఇనుము మళ్ళీ తుప్పై, భాస్వరాన్ని మళ్ళీ పట్టేసుకుంటుంది. అందుకే వరిని చూసి మినుముకి కూడా అంతే చాలని లెక్క వేయకూడదు.

జింకు సంగతి దీనికి తలకిందులు. నీళ్ళు నిలిచేకొద్దీ జింకు సల్ఫైడ్ రూపంలో చిక్కుకుపోయి వేరుకి అందకుండా పోతుంది. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. ఇది జింకు లోపమని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె (Nene) అనే శాస్త్రవేత్త గుర్తించేదాకా రైతులు దీన్ని తెగులనే అనుకున్నారు. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని మన దగ్గర చెప్పేది ఇందుకే. భాస్వరం ఎరువైన డీఏపీతో కలిపి మాత్రం వేయకండి, రెండూ ఒకదాన్నొకటి పాడు చేసుకుంటాయి.

వరిని ఆరుతడిగా పండిస్తే బియ్యంలో ఆర్సెనిక్ తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. తుప్పుకి అంటుకుని ఉన్నంతకాలం ఆర్సెనిక్ కదలదు. నీళ్ళు నిలిచి తుప్పు కరిగినప్పుడే విడుదలవుతుంది. బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో లక్షల గొట్టపు బావుల నీళ్ళు విషమైంది కూడా ఇలాగే. అక్కడ కొండల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో తుప్పు, కుళ్ళే పదార్థం రెండూ ఉన్నాయి, బ్యాక్టీరియా తన పని తాను చేసుకుపోయింది. చెరువు నీళ్ళకంటే శుభ్రమని తవ్విన బావులవి.

నేలలో గొట్టం పాతి, నీటి మట్టం నేలకి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి పెట్టే పద్ధతిలో ఆర్సెనిక్, మీథేన్ రెండూ తగ్గుతాయి. కానీ మరీ ఎండగడితే కాడ్మియం పెరుగుతుంది, ఎందుకంటే అది సల్ఫైడ్‌గా చిక్కుకుని ఉంటేనే కుదురుగా ఉంటుంది. ఒక లోహానికి మంచి చేసేది ఇంకోదానికి చెడు చేస్తుంది. అందుకే పూతకి వచ్చాక నీళ్ళు తగ్గించొద్దని చెబుతారు. మీ బోరు సంగతి తెలియాలంటే మాత్రం నీళ్ళు పరీక్ష చేయించటమే దారి. ఆర్సెనిక్‌కి రంగూ రుచీ వాసనా ఉండవు. తాగునీటిలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు.

మిరపకి పీఎస్‌బీ (భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) వేస్తే డీఏపీ మానేయవచ్చా?

మానేయకండి, తగ్గించండి. నల్లరేగడిలో సున్నం ఎక్కువ. మనం వేసిన భాస్వరం ఆ కాల్షియంతో కలిసి గట్టిపడిపోతుంది. ఏళ్ళ తరబడి డీఏపీ వేసిన చేలల్లో భాస్వరం నిల్వ బాగానే ఉంటుంది, మొక్కకి అందేదే తక్కువ. బాసిల్లస్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని గ్లూకోనిక్ ఆమ్లం లాంటివి వదిలి, కాల్షియాన్ని పక్కకి లాగి భాస్వరాన్ని విడిపిస్తాయి. పీఎస్‌బీ ప్యాకెట్లో ఉండేవి ఇవే.

నల్లరేగడికి ఆమ్లాన్ని విరిచేసే శక్తి ఎక్కువ. అందుకని ల్యాబు సీసాలో కనిపించినంత ఫలితం చేలో కనిపించదు. మాగిన పశువుల ఎరువుతో కలిపి, నీడలో ఒకటి రెండు రోజులు ఉంచి, తడి ఉన్న నేలలో వేస్తేనే అవి బతుకుతాయి. ఎర్రటి ఎండలో చల్లినా, రసాయన ఎరువుతో కలిపి పోసినా డబ్బు దండగ. కొనేముందు తయారీ తేదీ చూడండి, అది ప్రాణమున్న సరుకు. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చిన చేలో సగం డీఏపీ తగ్గించి చూడటానికి నేనైతే వెనకాడను. ఒక్క మడితో మొదలుపెట్టండి. గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన స్థానం) వాళ్ళని ఒకసారి అడగండి.

మినుము వేళ్ళ మీద బుడిపెలు లోపల ఎర్రగా ఉంటే మంచిదేనా?

మంచిదే. ఆ ఎరుపు మన రక్తంలో లాగే ఇనుము ఉన్న ప్రోటీన్‌ది. బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాకి గాలిలోని నత్రజనిని పట్టే ఎంజైమ్ ఉంటుంది, దాని గుండెలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం పరమాణువు ఉంటాయి. మాలిబ్డినం అందకపోతే బుడిపెలున్నా పని జరగదు.

రాగి బిందెలో నీళ్ళు మంచివంటారు, మిరపకి కొట్టే రాగి మందు తెగులుని చంపుతుంది. మరి బ్యాక్టీరియా రాగికి అలవాటు పడదా?

పడుతుంది, అదే నా బెంగ. రాగి బ్యాక్టీరియా పొరని, ప్రోటీన్లని దెబ్బతీస్తుంది. శుభ్రంగా తోమిన రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్ళలో చాలా రకాలు చస్తాయి. చిలుము పట్టిన చెంబు, పులుపు పోసిన చెంబు మాత్రం వద్దు, ఒంట్లోకి రాగి ఎక్కువగా పోతుంది.

చేలో సంగతి వేరు. మిరప, టమాటా ఆకుమచ్చకి కారణమైన క్సాంథోమొనాస్ అనే బ్యాక్టీరియాలో రాగిని తట్టుకునే రకాలు చాలా దేశాల్లో వచ్చేశాయి. లోపలికి వచ్చిన రాగిని బయటికి తోడేసే పంపులు వాటికి ఉంటాయి. ఆ జన్యువులు ఉండే ప్లాస్మిడ్ల (బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్‌ఏ వలయాల) మీదే కొన్నిసార్లు యాంటీబయాటిక్స్‌ని తట్టుకునే జన్యువులూ ఉంటాయి. అంటే రాగి ఒత్తిడి పెట్టినా రెండో గుణం కూడా వెంట నిలబడుతుంది. అదీగాక రాగి ఎండిపోయి కనుమరుగయ్యే మందు కాదు, కొట్టింది చాలా మటుకు నేలలోనే పోగవుతుంది. పక్క చేనాయన కొట్టాడని కాకుండా మచ్చ చూసి కొట్టండి.

సీసాన్ని, క్రోమియాన్ని తినేసే బ్యాక్టీరియా పొడి అమ్ముతున్నారు. పనిచేస్తుందా?

ఏ బ్యాక్టీరియా సీసాన్ని తినేయలేదు. నూనెని తింటుంది, ఎందుకంటే నూనె విరిగిపోయి కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు అయిపోతుంది. సీసం మూలకం, విరగదు. ఇవాళ పది గ్రాములుంటే నూరేళ్ళ తర్వాత కూడా ఎక్కడో పది గ్రాములు ఉంటుంది. సూక్ష్మజీవి చేయగలిగింది దాని రూపం మార్చటం, ఒకచోట పట్టి ఉంచటం, లేదా కదిలించటం.

అది చిన్న పనేం కాదు. క్రోమియం ఆరో రూపంలో (ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నప్పుడు) నీళ్ళలో కరుగుతుంది, క్యాన్సర్ కారకం. మూడో రూపంలోకి మారితే చాలా మటుకు మట్టికి అంటుకుని కదలకుండా ఉంటుంది. ఆ మార్పు చాలా బ్యాక్టీరియాలు చేయగలవు. యురేనియాన్ని కూడా జియోబ్యాక్టర్ ఇలాగే కరగని రూపంలోకి దించుతుంది, అమెరికాలోని కొలరాడోలో భూమిలోకి బ్యాక్టీరియాకి మేతగా ఎసిటేట్ ఎక్కించి ఈ పని చేయించి చూశారు. కానీ పరిస్థితి మారి ఆక్సిజన్ తిరిగొస్తే కొంత మళ్ళీ కరిగే ప్రమాదం ఉంది.

కాబట్టి ఎవరైనా పొడి అమ్మబోతే ఒక్కటే అడగండి: ‘లోహం చివరికి ఎక్కడ ఉంటుంది?’ బురదలో ఉంటుందంటే ఆ బురదని ఎవరు ఎత్తుతారు? మాయమవుతుందంటే ఇక మాట్లాడేదేం లేదు, పంపించేయండి.

పగిలిన ట్యూబ్‌లైట్లు కాలవలో పారేస్తే ఏమవుతుంది?

ట్యూబ్‌లైట్లో ఉండే పాదరసం కొంచెమే. ఆ కొంచెమూ బురదలో చేరితే, ఆక్సిజన్ లేనిచోట ఉండే సల్ఫేటు బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. ఈ పని సూక్ష్మజీవులదేనని 1969లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు, ఆ పని చేసే రెండు జన్యువులు 2013లో దొరికాయి. మిథైల్ పాదరసం చిన్న పురుగు నుంచి చిన్న చేపకి, దాని నుంచి పెద్ద చేపకి పోయేకొద్దీ చిక్కబడుతుంది. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బు ఈ విషం వల్లే. అక్కడ ఫ్యాక్టరీ నేరుగా ఆ రూపంలోనే సముద్రంలోకి వదిలింది. మన కాలవల్లో మనం మామూలు పాదరసం వేస్తే ఆ మిగతా పని చేసి పెట్టటానికి బురద సిద్ధంగా ఉంటుంది.

పాత థర్మామీటర్లు, ట్యూబ్‌లైట్లు చెత్తబండికి విడిగా, పగలకుండా ఇవ్వండి.

గనుల దగ్గర నీళ్ళు పుల్లగా మారతాయంటారు. మన వైపు అలాంటివి ఉన్నాయా?

ఇనుము, గంధకం కలిసిన పైరైట్ రాయి గాలికి, వానకి తగిలితే మెల్లగా ఆమ్లం వస్తుంది. అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అనే బ్యాక్టీరియా చేరితే అదే పని ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది. దీన్ని 1947లో అమెరికా బొగ్గు గనుల నీళ్ళలో కనుక్కున్నారు. స్పెయిన్‌లోని రియో టింటో నది ఎర్రగా, నిమ్మరసమంత పుల్లగా పారటానికి ఇలాంటి జీవులే కారణం.

మన వైపు వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో సీసం, రాగి ఖనిజాలున్నాయి. అక్కడి సీసం ఖనిజం ఉన్నది డోలమైట్ రాతిలో. డోలమైట్, సున్నపురాయి ఆమ్లాన్ని విరుస్తాయి కాబట్టి అలాంటి చోట నీళ్ళు పుల్లబడటం కష్టం. పల్నాడంతా సున్నపురాయి ఉండటం ఆ విధంగా మనకి కలిసొచ్చిన అదృష్టం.

ఇదే బ్యాక్టీరియాని పనికి కూడా పెట్టుకున్నారు. రాగి తక్కువగా ఉన్న రాతిని గుట్టపోసి పుల్లనీళ్ళు చల్లితే, బ్యాక్టీరియా రాగిని కరిగించి కిందికి దింపుతుంది. దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో 1986 నుంచి బంగారం ఖనిజాన్ని ట్యాంకుల్లో బ్యాక్టీరియాతో నానబెడుతున్నారు. పాత సెల్‌ఫోన్ బోర్డుల నుంచి కూడా ఇలా లోహాలు తీయవచ్చు, ప్రయోగాలు జరుగుతున్నాయి. కానీ ఇంటి వెనక ఆమ్లం పోసి బంగారం తీసే వాళ్ళు చేసేది ఇది కాదు. అది విషం, ఆపాల్సిన పని.

సూక్ష్మజీవులు రాళ్ళని తయారుచేస్తాయా?

చేస్తాయి. కడప వైపు వేంపల్లె రాళ్ళలో గోపురాల్లా పొరలు పొరలుగా కనిపించేవి స్ట్రోమటోలైట్లు, కోట్ల ఏళ్ళ కింద నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల తెట్టుల మీద సున్నం పేరుకుని ఏర్పడ్డవి. రాళ్ళని అరగదీసేవీ ఉన్నాయి. అమరావతి శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతిలో. అలాంటి రాతి మీద పాచి, లైకెన్లు చేరితే అవి వదిలే ఆమ్లాలు చెక్కడాన్ని తినేస్తాయి. ఊరి గుడిలో పాత శిల్పం మీద పాచి కనిపిస్తే ఆసిడ్ పోసి కడగకండి. పాచి చేసేదానికంటే ఆసిడ్ చేసే నష్టం ఎక్కువ. పురావస్తు శాఖ వాళ్ళకి చెప్పండి.

ఇవన్నీ పిల్లలకి కళ్ళారా చూపించాలంటే?

లోపల ఉన్నది కనిపించే రెండు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. కాలవ అంచు బురదలో చిన్నగా చింపిన న్యూస్‌పేపరు ఒక గుప్పెడు, ఒక కోడిగుడ్డు పచ్చసొన, నలగ్గొట్టిన రెండు సుద్దముక్కలు కలపండి. బోర్డు మీద రాసే సుద్దముక్కలు చాలా మటుకు జిప్సంతో చేసినవే. సీసాల్లో మూడింట రెండు వంతులు ఆ బురద నింపి, పైన కాలవ నీళ్ళు పోసి, కొంచెం ఖాళీ వదలండి. మూత వదులుగా పెట్టండి, గట్టిగా బిగిస్తే గ్యాసుకి సీసా ఉబ్బుతుంది. ఒకటి వెలుగు పడే కిటికీలో పెట్టండి, నేరుగా ఎండ వద్దు. రెండోదానికి నల్లకాగితం చుట్టి పక్కనే పెట్టండి.

వారం పది రోజుల్లో రెండింటిలోనూ నల్లటి మచ్చలు మొదలవుతాయి. ఒక తుప్పుపట్టిన మేకు వేసి ఉంచితే దాని చుట్టూ నలుపు ముందుగా రావచ్చు. నెల దాటాక కిటికీలో ఉన్న సీసాకి వెలుగు వైపు గోడ మీద ఆకుపచ్చ, ఊదా రంగు పట్టీలు కనబడతాయి. అవి సల్ఫైడ్‌ని వాడుకుని వెలుగులో బతికే బ్యాక్టీరియా. కాగితం చుట్టినదాంట్లో ఆ రంగులు రావు, నలుపే ఉంటుంది. ప్రతి ఆదివారం పిల్లలతో ఫోటో తీయించి తేదీ రాయించండి.

మూత తీయాల్సొస్తే ఇంట్లో వద్దు, డాబా మీద తీయండి, చేతులు సబ్బుతో కడుక్కోమనండి. అయిపోయాక సింకులో పోయకుండా చెట్టు పాదులో గొయ్యి తీసి కప్పేయండి.